కౌంటీ జైలు పద్దు చదవడం – మూడవ పాఠం: ఖర్చు ఏ మెట్టు దగ్గర దిగుతుంది?

గత పాఠం చివర, అమెరికాలో మన జిల్లా లాంటి పాలనా విభాగమైన కౌంటీ నడిపే జైలు వార్షిక వ్యయాన్ని సగటు రోజువారీ ఖైదీల సంఖ్యతో భాగించమని అడిగాను. వచ్చిన అంకెను రాసి పెట్టుకోండి గాని, దాన్ని నమ్ముకొని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. పెళ్లి భోజనాలకు విస్తరికింత అని లెక్క కట్టినట్టు తలకింత అని కడితే, వందమంది తగ్గగానే వంద విస్తళ్ల సొమ్ము మిగులుతుందనిపిస్తుంది. తిండి, దుస్తుల విషయంలో అది చాలావరకు నిజమే. కాని జైలు పద్దులో సింహభాగం జీతాలది, జీతాలు తలలను బట్టి కదలవు. న్యూయార్క్ నగర జైళ్లలో 2021 ఆర్థిక సంవత్సరంలో ఒక్కో ఖైదీకి 5,56,539 డాలర్లు ఖర్చయిందని అక్కడి కంప్ట్రోలర్ (నగర ఖర్చులను తనిఖీ చేసే అధికారి) లెక్క తేల్చారు. అంత పెద్ద అంకె రావడానికి ఒక ముఖ్య కారణం, ఖైదీలు తగ్గిన మేరకు సిబ్బంది ఖర్చు తగ్గకపోవడమే.

ఈ పాఠానికి టెక్సాస్‌ను తీసుకుందాం. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న తెలుగువారు ఏటా కట్టే ఆస్తి పన్నులో కౌంటీ వాటా ఉంటుంది కనుక, ఇది ఊరికే చదివి వదిలేసే లెక్క కాదు. ఆ రాష్ట్రపు జైలు ప్రమాణాల ప్రకారం ప్రతి 48 మంది ఖైదీలకు కనీసం ఒక జైలర్ ఉండాలి. 49వ మనిషి వచ్చాడంటే రెండో జైలర్ కావాలి. ఖర్చు ఎక్కే, దిగే మెట్టు ఇదే.

ఒక జైలర్ అంటే ఒక మనిషి జీతం అనుకుంటే పొరపాటు. ఆ జైలర్ చోటు, అంటే పోస్టు, రాత్రింబవళ్లు ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఏడాదికి 8,760 గంటలు నిండాలి. వారానికి 40 గంటల చొప్పున ఒక ఉద్యోగి లెక్కకు వచ్చేది 2,080 గంటలు. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపి 330 గంటలు పోతాయనుకుంటే మిగిలేది 1,750. భాగిస్తే అయిదుగురు తేలతారు. ఈ అయిదుగురిలో ఒకరు ఉద్యోగం మానేస్తే ఆ గంటలు ఓవర్‌టైమ్ పద్దులోకి ఒకటిన్నర రెట్ల వేతనంతో వచ్చి చేరతాయి. అందుకే ఖాళీ ఉద్యోగాలను పొదుపుగా చూపించే బడ్జెట్‌ను నేను నమ్మను.

ఇప్పుడు అసలు లెక్క. ఏడాదికి 6,000 మందిని జైలులో చేర్చుకుంటున్నారని, ఒక్కొక్కరు సగటున 20 రోజులు ఉంటున్నారని అనుకుందాం. రెండింటినీ గుణించి 365తో భాగిస్తే రోజుకు 329 మంది, అంటే ఏడు పోస్టులు. కష్టపడి ఆ సగటును రెండు రోజులు తగ్గిస్తే 296 మంది అవుతారు. 48తో భాగించి చూడండి, మళ్లీ ఏడు పోస్టులే. 33 మంది తగ్గినా ఒక్క జీతమూ మిగలలేదు. మరొక్క రోజు తగ్గించి 17కు తెస్తే 280 మంది, ఆరు పోస్టులు. అప్పుడు అయిదుగురి జీతం ఒక్కసారిగా దిగుతుంది. మూడో రోజు లేకపోతే మొదటి రెండు రోజుల శ్రమ జీతాల పద్దులో కనిపించనే కనిపించదు.

నిజమైన జైలులో ఈ మెట్లు ఇంత శుభ్రంగా ఉండవు. స్త్రీలను పురుషులతో కలిపి ఉంచరు, ప్రమాదకరమైన వారిని వేరుగా ఉంచుతారు, వారాంతంలో సంఖ్య సగటును దాటిపోతుంది; కాబట్టి లెక్కను విభాగాలవారీగా, రద్దీ రోజులకు కూడా వేయాలి.

ఇక ఆ రోజులు తగ్గించడం చాలావరకు జైలును నడిపే కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ చేతిలో లేదు. జైలులో ఉన్నవారిలో ఎక్కువమంది ఇంకా శిక్ష పడనివారు. బెయిలు మొత్తం కట్టలేక కొందరు, కోర్టు వాయిదా కోసం కొందరు ఆగిపోతారు. విచారణను అర్థం చేసుకునే మానసిక స్థితిలో లేరని కోర్టు తేల్చినవారైతే రాష్ట్ర ఆసుపత్రిలో పడక దొరికేదాకా నెలల తరబడి కౌంటీ ఖర్చుమీదే ఉంటారు. అలాంటి ఒక్క మనిషి 180 రోజులుంటే, 20 రోజులుండే తొమ్మిదిమంది సగటు ఖైదీల లెక్క.

అభ్యాసం: ఏడాదికి 4,500 మంది చేరుతూ సగటున 24 రోజులు ఉండే జైలులో ఒక పోస్టు దిగాలంటే ఎన్ని రోజులు తగ్గాలి, రెండో పోస్టు దిగాలంటే ఎన్ని? జవాబును వైద్య ఖర్చుల పాఠం మొదట్లో సరిచూద్దాం.