శుభలేఖను ప్రెస్సుకు ఇచ్చే ముందు తెలియవలసిన రంగుల మాటలు

బరంపురంలో గాని, పర్లాకిమిడిలో గాని మన ఇళ్ల శుభలేఖలు తరచుగా రెండు లిపులలో అచ్చవుతాయి: బంధువులకు తెలుగు, ఇరుగుపొరుగుకు ఒడియా. అటువంటి కార్డును ఇంటి కంప్యూటరులో స్వయంగా రూపొందించదలచినవారు, తెర వెలుగుతో రంగును చూపుతుందనీ కాగితం సిరాతో చూపుతుందనీ మొదట గుర్తించాలి.

తెరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగులు ఆధారం. ఈ పద్ధతి పేరు ఆర్‌జీబీ. అచ్చుకు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు ఆధారం. ఇది సీఎంవైకే, ప్రెస్సువారి నోట ఫోర్ కలర్. సిరా తనపై పడిన వెలుగులో కొంత పీల్చుకొని మిగిలినదే తిప్పి పంపుతుంది కనుక, తెరపై మెరిసిన నెమలికంఠం రంగు, చిలకపచ్చ కాగితం మీద మందగిస్తాయి. ఇందుకు ప్రెస్సువారితో తగవు పడి లాభం లేదు. కుంకుమ రంగుతో అంత చిక్కు లేదు: మెజెంటా, పసుపు నూరేసి శాతం పెడితే నిండైన ఎరుపు వస్తుంది. ఫైలును మొదటి నుంచీ సీఎంవైకేలోనే తెరిచి, రంగులను కంటితో కాక ఈ శాతాలతో నిర్ణయించడం మేలు.

అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే నూరు శాతం ఉండాలి. నాలుగు సిరాలనూ కలిపి నలుపు చేస్తే, ఒక్కో సిరాను అచ్చువేసే ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా, అనగా రిజిస్ట్రేషన్ తప్పినా, అక్షరం చుట్టూ రంగునీడ పడి, మన ఒత్తులూ ఒడియా అక్షరాల గుండ్రని తలకట్లూ పూడుకుపోతాయి. నేను చేసిన మొదటి కార్డులో ‘లగ్నం’ కింది నకార ఒత్తు ఎర్రని మరకగా మిగిలింది, తప్పు నాదే.

ఫొటోకు రెజల్యూషన్ అంగుళానికి 300 చుక్కలు, అనగా పిక్సెళ్లు, ఉండాలి. 5×7 అంగుళాల బొమ్మకు 1500×2100 పిక్సెళ్లు కావాలి. చిన్న బొమ్మను సాగదీస్తే అంకె పెరుగుతుంది గాని వివరం పెరగదు. వాట్సాప్‌లో వచ్చే ఫొటో సాధారణంగా కుదించుకుపోయి ఉంటుంది కాబట్టి, దానిని డాక్యుమెంటుగా పంపమని అడగాలి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 100 చుక్కలైనా చాలు.

అంచు వరకు రంగు ఉన్న కార్డులో ఆ రంగును కటింగ్ గీత దాటి నలువైపులా 3 మిల్లీమీటర్లు పొడిగించాలి; దీనినే బ్లీడ్ అంటారు.

మీరు వాడిన ఫాంటు ప్రెస్సు కంప్యూటరులో లేకపోతే అక్షరాలు తారుమారవుతాయి గనుక, వాటిని కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ ఇవ్వాలి. కర్వ్స్ చేసిన అక్షరం బొమ్మే అవుతుంది, టైపు చేసి దిద్దడానికి వీలుండదు. కనుక అసలు ఫైలును వేరుగా దాచి, ముహూర్తం తేదీని, పేర్లను రెండు లిపులలోనూ చదవగలవారి చేత ముందే చదివించాలి.