గుర్రానికి గిట్ట పొడి కొనేముందు తొట్టిలోకి చూడండి

"అన్నా, గిట్టలు పెచ్చులూడిపోతన్నాయి. ఏ డబ్బా తెప్పించమంటావు?" బొబ్బిలి, చీపురుపల్లి వైపు పెళ్ళి గుర్రాలు ఉంచుకున్న కుర్రాళ్ళు నన్నడిగేది ఎప్పుడూ ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "తొట్టిలో ఏటి పోస్తన్నావు తమ్ముడూ?"

మా నాన్న విజయనగరంలో జట్కా తోలేవారు. నేను ఊరేగింపులకి గుర్రాలు పెడుతుంటాను. గిట్ట గట్టిపడాలని మేతలో కలిపే గిట్ట పొడుల్లో చాలావరకు 500 కిలోల రేసు గుర్రానికి లెక్కగట్టి చేసినవి. అది తినేది ఓట్సు గింజలు, లూసర్న్ గడ్డి. మన గుర్రం 300 కిలోలు, దాని మేత ఉలవలు, తవుడు, గట్టు గడ్డి. దానికి తక్కువయ్యేవి వేరు. ఏది తక్కువైందో తేల్చుకోకుండా డబ్బా ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ముందు నాలుగు కాళ్ళూ ఎత్తి చూడండి. ఒక్క గిట్టే చీలితే మేత లోపం కాకపోవచ్చు. దెబ్బ తగలడమో, నాడా మేకు తప్పు చోట దిగడమో, గిట్ట వంకరగా చెక్కడమో అయ్యుంటుంది. నాలుగూ ఒకేలా పెళుసుబారి, మేకు కొట్టిన చోటల్లా పెచ్చులు లేస్తుంటే అప్పుడు మేతను అనుమానించాలి. వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే అంచున బొటనవేలు ఆనించి మెల్లగా కిందికి రాయండి. పై అంగుళం నున్నగా, గట్టిగా తగిలి, కింది భాగం మాత్రమే పాడై ఉంటే గుర్రం ఇప్పటికే కోలుకుంటోంది. ఏ పొడీ అక్కర్లేకపోవచ్చు. పై అంగుళం కూడా గరుకుగా, సన్నటి నిలువు గీతలతో తగిలితే లోపం ఇంకా నడుస్తోందన్నమాట. గిట్ట నెలకి 6 నుంచి 10 మిల్లీమీటర్లే దిగుతుంది కాబట్టి ఆ అంగుళంలో గడిచిన మూడు నెలల మేత కనిపిస్తుంది.

గిట్ట చేతికి వేడిగా తగిలినా, మడమ పైన నాడి గట్టిగా కొట్టుకున్నా, ముందుకాళ్ళ మీద బరువు మోపలేక గుర్రం వెనక్కి వాలి నిలబడినా ఇక పొడుల సంగతి మరిచిపోండి. గింజలు, బెల్లం ఆపేసి వెంటనే డాక్టరుగారిని పిలవండి. అది గిట్ట లోపలి వాపు, గంటల్లో ముదురుతుంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మన జిల్లావాళ్ళకి అది పెద్ద ఆసరా. అలాగే రాత్రంతా పేడ, మూత్రం తడిలో నిలబడి పగలు తారు రోడ్డు మీద నడిచే గిట్టని ఏ పొడీ కాపాడలేదు. 6 నుంచి 8 వారాలకోసారి నాడాలు విప్పించి గిట్ట చెక్కించడం తప్పదు.

ఇక మేత. ముందు గుర్రం బరువు తెలియాలి. దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతని దాంతోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. 160 చుట్టు, 145 పొడవున్న గుర్రం సుమారు 312 కిలోలు. దానికి రోజుకి 5, 6 కిలోల ఎండు మేతకి సరిపడా గడ్డి పడాలి, పచ్చిదైతే 20 కిలోల పైమాటే. గట్ల మీద కోసిన గరిక గుర్రానికి చాలా మంచిది. పాడి రైతులు వేసే సూపర్ నేపియర్ ఒక్కటే రోజూ వేస్తే అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టేస్తుంది, అందుకే వేరే గడ్డితో కలిపి వేయండి. వరి కోశాక చల్లే పిల్లిపెసర దొరికితే వదులుకోవద్దు. జనుము మాత్రం, ముఖ్యంగా కాయలు, గింజలు పట్టినది, గుర్రానికి వేయకండి. ఆ గింజలు దానికి విషం.

అసలు చిక్కు తవుడుతోనే. మనవాళ్ళు చౌకగా దొరుకుతుందని కిలోలకి కిలోలు పోస్తారు. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. గుర్రానికి కావలసింది ఒక పాలు భాస్వరానికి ఒకటిన్నర, రెండు పాళ్ళ కాల్షియం. పైగా తవుడులోని ఫైటేట్ అనే పదార్థం జింకుని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. గిట్ట గట్టిపడటానికి జింకు ముఖ్యం. తవుడుని రోజుకి అరకిలోకి దించండి, అందులో 30 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలపండి. వెల్ల వేసే సున్నం మాత్రం కాదు, అది నోరు కాల్చేస్తుంది.

ఉలవలు మంచివే, ఉడికించి గుగ్గిళ్ళుగానే పెట్టండి. పచ్చి ఉలవల్లో మాంసకృత్తులు అరగనివ్వని గుణం ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్, మెథియోనిన్ అని రెండున్నాయి. పప్పుజాతి కాబట్టి ఉలవల్లో లైసిన్ బాగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. గిట్ట పొడి డబ్బాల మీద పెద్దక్షరాలతో రాసేది ఆ మెథియోనిన్ గురించే. అది నువ్వుల్లో పుష్కలంగా ఉంటుంది. నువ్వుల నూనె తీశాక మిగిలే చెక్క, మన ఇళ్ళల్లో కూర వండుకునే తెలగపిండే, గానుగ దగ్గర తాజాది తెచ్చి, రోజుకి 200 గ్రాములు గుగ్గిళ్ళలో కలపండి. ఒక్కసారిగా కాకుండా పది రోజుల్లో మెల్లగా పెంచండి. బూజు వాసన వస్తే పారేయండి. వేరుశనగ చెక్క విషయంలో ఇంకా జాగ్రత్త, బూజు విషం దాంట్లో తొందరగా పుడుతుంది. ఉలవలకి తెలగపిండి తోడైతే డబ్బాలో సగం పని అక్కడే అయిపోతుందని నా నమ్మకం.

ఇవన్నీ సర్దాక కూడా పొడి కావాలంటే మొదట చూడాల్సింది బయోటిన్ అనే బి విటమిన్. గిట్ట విషయంలో పరీక్షకి నిలిచిన మందు అదే. వియన్నాలో లిపిజ్జానర్ గుర్రాలకి రోజుకి 20 మి.గ్రా. ఇచ్చి చూసిన పరీక్ష 1995లో అచ్చయింది. మార్పు తెలియడానికి తొమ్మిది నెలలు పట్టింది. 500 కిలోలకి 15 నుంచి 20 మి.గ్రా. అనుకుంటే మన 312 కిలోల గుర్రానికి 10 మి.గ్రా. సరిపోతుంది. డబ్బా మీద "బయోటిన్ ఉంది" అన్న మాట కాదు, రోజు మోతాదులో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చూడండి. కిలోకి ఇంత అని రాసుంటే చెంచా బరువు తూచి లెక్కగట్టండి. కొన్ని డబ్బాల్లో చెంచాకి 2 మి.గ్రా. కూడా రాదు. వెటర్నరీ మందుల షాపులో బయోటిన్ 2 శాతం పొడి దొరికితే అందులో అర గ్రాము అంటే 10 మి.గ్రా. అన్నట్టు, మెరుపు కోసం పచ్చి గుడ్లు కొట్టి పోసే అలవాటుంటే మానేయండి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ ఇదే బయోటిన్‌ని పట్టేసుకుంటుంది. ఉడికించిన గుడ్డుతో ఆ ఇబ్బంది లేదు.

తరవాత జింకు, రాగి. మన గుర్రానికి మేతతో కలిపి రోజుకి జింకు 250 మి.గ్రా., రాగి 60 మి.గ్రా. దాకా అందాలి. పొడిలో రాగి ఒక పాలైతే జింకు మూడు నాలుగు పాళ్ళు ఉండాలి. చీటీ మీద రాసింది మూలకం బరువా, లవణం బరువా అన్నది కూడా చూడండి. 220 మి.గ్రా. జింకు సల్ఫేట్‌లో అసలు జింకు 50 మి.గ్రా. మాత్రమే. రక్తం పడుతుందని ఇనుము టానిక్కులు పోయకండి. గడ్డిలోనే ఇనుము కావలసినంత ఉంది, ఎక్కువైతే జింకుకీ రాగికీ అడ్డుపడుతుంది.

రెండు విషయాల్లో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. ఒకటి సెలీనియం అనే ఖనిజం. 500 కిలోల గుర్రానికే రోజుకి 1 మి.గ్రా. చాలు. మితిమీరితే జూలు, తోక వెంట్రుకలు రాలి, గిట్ట అడ్డంగా పగిలి ఊడిపోయే దాకా వస్తుంది. అందుకే సెలీనియం ఉన్న రెండు డబ్బాలు ఎప్పుడూ కలిపి వాడకండి. రెండోది మొనెన్సిన్, సాలినోమైసిన్ అనే మందులు. కోళ్ళ దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో ఇవి కలుపుతారు. గుర్రానికి కొంచెం అందినా గుండె ఆగిపోవచ్చు. కోళ్ళ దాణా మిగిలిందని తొట్టిలో పోయకండి, ఖనిజ మిశ్రమం బస్తా మీద ఈ పేర్లు లేవని చదివాకే వాడండి.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, అప్పుడు మొదలుపెడితే వచ్చే వైశాఖానికి గిట్టలో తేడా కనిపిస్తుంది. మొదటి రోజున గిట్ట పై అంచుకి కాస్త కింద ఆకురాయితో గోటి గీతంత లోతున ఒక గీత పెట్టి, పక్కన స్కేలు ఆనించి ఫోటో తీయండి. నెలనెలా అలాగే తీయండి. గీత కిందికి దిగే కొద్దీ దాని పైనున్నదంతా కొత్త మేతతో పెరిగిన గిట్ట. అది గట్టిపడితే బయోటిన్ ఆపకండి, ఆపేస్తే ఆ తర్వాత దిగే గిట్ట మళ్ళీ పాతలాగే రావచ్చు. తొమ్మిది నెలలైనా గీత పైనా కిందా ఒకేలా ఉంటే పొడి మానేసి, ఆ డబ్బు గరిక కోయించడానికీ, గిట్టలు వేళకి చెక్కించడానికీ పెట్టండి.