ఫ్యాన్ హోరు పోతుంది, కుక్కర్ విజిల్ పోదు

నెలకోసారి విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వస్తుంటాను. కొత్తగా కొన్న నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ఏసీ హోరు మాయం. పై బెర్తు ఆయన ఫోన్లో చేస్తున్న స్థలం బేరం మాత్రం మునుపటికంటే స్పష్టంగా వినిపించింది! గజం ఎంతకు తెగిందో కూడా తెలిసిపోయింది. పాడైన పీస్ అంటగట్టారనుకున్నాను. అదేం కాదట.

శబ్దమంటే గాలి ఒత్తుకోవడం, సడలడం. బయటి మైకు ఆ శబ్దాన్ని పట్టుకుంటే, లోపలి చిప్ దానికి సరిగ్గా తిరగేసిన శబ్దాన్ని తయారుచేస్తుంది. బయటి గాలి ఒత్తే క్షణంలో స్పీకర్ వెనక్కి లాగుతుంది. రెండూ కలిసి చెవి దగ్గర చల్లారిపోతాయి. 100 హెర్ట్జ్ హోరులో, అంటే సెకనుకు వందసార్లు కంపించే శబ్దంలో, ఒక్కో అల దాదాపు 3.4 మీటర్ల పొడవు, కాబట్టి చిప్‌కి అందుతుంది. కీచు శబ్దాలుండే 3000 హెర్ట్జ్ దగ్గర అల 11 సెంటీమీటర్లే. కాస్త తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే మాటలు, పసిపిల్లల ఏడుపు, కుక్కర్ విజిల్ లాంటివాటిని ఆపే పని చాలావరకు కుషన్‌దే, ఇయర్‌బడ్స్ అయితే రబ్బరు టిప్‌దే.

కాబట్టి ముందు బిగింపు చూసుకోండి. పాటలు పెట్టకుండా సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చొని క్యాన్సిలింగ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి చూడండి. తేడా పెద్దగా లేదంటే ఎక్కడో సందు ఉన్నట్టే. ఇయర్‌బడ్స్ అయితే నోరు మూసుకొని కూనిరాగం తీయండి. మీ గొంతు తలలో గుమ్మని మోగితే టిప్ సరిపోయినట్టు. రెండు చెవులకీ ఒకే సైజు కావాలని లేదు. నాకు ఎడమకి మీడియం, కుడికి చిన్నది. పెద్ద హెడ్‌ఫోన్స్‌కి కళ్లజోడు కాడలే శత్రువులు. నా లావుపాటి ఫ్రేమ్ మార్చాకే హోరు నిజంగా తగ్గింది.

మిగిలిన మాటల్ని కప్పేయడానికి వాన శబ్దం సన్నగా పెట్టుకుంటాను. హోరు లేదు కాబట్టి వాల్యూమ్ పెంచక్కర్లేదు. కిటికీ గాలి మైకుకి కొడితే గరగరమంటుంది, అప్పుడు క్యాన్సిలింగ్ ఆపేయడమే మేలు. రోడ్డు దాటేటప్పుడైతే హెడ్‌ఫోన్స్ తీసేయండి, బేరాల్లేవు.

దిగే స్టేషన్‌కి అలారం పెట్టి, ఫోన్ వైబ్రేషన్‌లో ఉంచి చొక్కా జేబులో వేసుకోండి. ఓసారి అది మర్చిపోయి నాంపల్లి దాకా వెళ్లాను.