కూర్చునే నవ్వించడం ఎలా: డేవ్ అలెన్ స్టైల్లో

స్టాండప్ కామెడీ చేద్దామనుకునే అమలాపురం, భీమవరం కుర్రాళ్ళు ముందు ఐర్లండ్ కమెడియన్ డేవ్ అలెన్ పాత వీడియోలు చూడండి. 1936లో డబ్లిన్‌లో పుట్టాడు, అసలు ఇంటిపేరు ఓమహోనీ, బ్రిటన్‌లో బట్లిన్స్ అనే హాలిడే క్యాంపుల్లో జనాన్ని నవ్విస్తూ మొదలెట్టి 1963లో ఆస్ట్రేలియా టీవీకి, 1971కల్లా బీబీసీలో పెద్ద షోకి వెళ్ళాడు, 2005లో పోయాడు.

ఇక పనిలోకి వద్దాం. ఓ ఎత్తు స్టూల్ వేసుకోండి, గెంతక్కర్లేదు. ఆయన అలాగే కూర్చుని, చేతిలో గ్లాసుతో తాపీగా చెప్పేవాడు, చూసేవాళ్ళు విస్కీ అనుకునేవాళ్ళు గానీ అది జింజర్ ఏల్ అనే అల్లం కూల్‌డ్రింకంట! మీకు టీ గ్లాసు చాలండి, పంచ్‌కి ముందు ఓ గుక్క తాగి ఆగండి, ఆ ఆగడంలోనే సగం నవ్వు వచ్చేస్తది, కంగారుపడి దాన్ని మాటలతో నింపేయకండి.

తర్వాత వేలు సంగతి. ఆయన ఎడమ చూపుడువేలు కొస ఉండేది కాదు, అదెలా పోయిందో రకరకాల కథలు చెప్పేవాడు. మీ మోకాలి మీద మచ్చ ఉందనుకోండి, ఓసారి సంక్రాంతి పందెంలో కోడికత్తి గీసిందనండి, ఇంకోసారి పులసకి మరీ తక్కువ బేరమాడితే చేపలావిడ కత్తిపీట తీసిందనండి, మొహం మాత్రం సీరియస్‌గా ఉండాలి ఆయ్.

ఆయన చర్చి పెద్దల్నే ఆటపట్టించేవాడు. మీరూ పెద్దరికం మీదే వెయ్యండి, పక్కింటాయన పేరు మాత్రం ఎత్తకండి, రేపు రేవులో ఎదురుపడాలి కదా. ముందు టీకొట్టు దగ్గర చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకోండి, నవ్వు రాని చోట కోసేయండి.