5.1 స్పీకర్లు కంప్యూటర్‌కి తగిలించే ముందు

దసరా ఆఫర్లలో 5.1 (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) హోమ్ థియేటర్ కొని డెస్క్‌టాప్‌కి పెట్టాలనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

స్పీకర్ వైర్లు బిగించేటప్పుడు ప్లగ్ పీకేయండి. ఎర్ర, నల్ల వైర్ల రాగిపోగులు ఒకదానికొకటి తగిలితే యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) కాలిపోవచ్చు. పోగులు గట్టిగా మెలిపెట్టి, ఒక్కటీ బయట వేలాడకుండా దూర్చండి.

డబ్బు కట్టేముందే సెట్ వెనక '5.1 ఇన్‌పుట్' ఉందో లేదో చూడండి. ఒక్క ఆక్స్ (రెండు చానెళ్ల మామూలు ఇన్‌పుట్) మాత్రమే ఉంటే వచ్చేది స్టీరియోనే, డబ్బా మీద ఏం రాసినా సరే.

కంప్యూటర్ వెనక ఆకుపచ్చ జాక్ ముందు స్పీకర్లకి, నలుపు వెనకవాటికి, నారింజ సెంటర్, సబ్‌వూఫర్‌కి. మదర్‌బోర్డుకి మూడే జాక్‌లుంటే చాలావాటిలో నీలం, గులాబీ (మైక్) జాక్‌లనే వెనక, సెంటర్ స్పీకర్లకి మార్చుకోవాలి. అప్పుడు మైక్‌ని క్యాబినెట్ ముందువైపు జాక్‌లో పెట్టుకోండి.

కాంతితో సౌండ్ పంపే ఆప్టికల్ కేబుల్‌లో మామూలుగా గేమ్‌లకి రెండు చానెళ్లే వస్తాయి.

విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో 5.1 ఎంచుకోకపోతే వెనక స్పీకర్లు పలకవు. టెస్ట్ నొక్కేముందు వాల్యూమ్ తగ్గించండి.