ఏజెంటు చార్టును తప్పు చదువుతోందా? ముందు టూల్ వివరణ తెరవండి

మధురవాడలో మా చిన్న బృందం షేర్ల చార్టు డేటా ఇచ్చే టూల్ ఒకటి నడుపుతోంది. దాన్ని పిలిచేది ఏఐ ఏజెంట్లు, అంటే మన తరఫున టూళ్లను వాడి పనిచేసే ప్రోగ్రాములు. మనిషైతే చార్టు చూడగానే ఏదో తేడాగా ఉందని ఆగుతాడు. ఏజెంటు ముందుండేది అంకెల వరుస, టూల్ గురించి మనం రాసిపెట్టిన నాలుగు వాక్యాలు, అంతే. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ నాలుగు వాక్యాల్లోనే దొరికింది.

సమస్య: షేరు ఒక్క రోజులో మూడో వంతు పడిందంటుంది

మా బాబాయి రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా, 2024 జూన్ 21న హెచ్‌పీసీఎల్ కుప్పకూలిందని నీ యంత్రం చెబుతోంది. అప్పుడు నాకు షేర్లు పెరిగాయి గానీ డబ్బు పోలేదే?" అన్నారు. ఆయన మాటే నిజం. రెండు షేర్లకు ఒకటి చొప్పున కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోనస్ లెక్కలోకి వచ్చిన రోజది. వంద షేర్లున్నవారికి నూట యాభై అయ్యాయి, ధర మూడింట రెండు వంతులకు సర్దుకుంది.

కారణం: అప్పట్లో మేము ఇచ్చినవి సవరించని ధరలు, అంటే బోనస్, స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) జరిగినా పాత ధరలను వాటికి తగ్గట్టు మార్చనివి. వివరణలో మాత్రం "రోజువారీ ధరలు" అని రాసి చేతులు దులుపుకున్నాం.

పరిష్కారం: ఇప్పుడు సవరించిన ధరలే ఇస్తున్నాం, వివరణలో ఇలా ఉంది: "ఇవి బోనస్, స్ప్లిట్‌లకు సవరించిన ధరలు. డివిడెండ్‌కు సవరించలేదు. ఆ రోజు మార్కెట్లో పలికిన అసలు ధర కావాలంటే సవరించని ధర అడుగు." మూడో వాక్యమే అసలు మందు. ఏది ఎప్పుడు వాడాలో చెప్పకపోతే ఏజెంటు అన్ని చోట్లా ఒకటే వాడేస్తుంది. పాత ధరను తగ్గించి సవరిస్తే, చేతులు మారిన షేర్ల సంఖ్యను చూపే పాత వాల్యూమ్‌ను ఆ మేరకు పెంచాలి. అది వదిలేస్తే బోనస్ రోజు నుంచి కొనుగోళ్లు ఊపందుకున్నాయని ఇంకో కథ మొదలవుతుంది.

సమస్య: లేని షేరుకు విశ్లేషణ రాస్తుంది

ఎవరో వైజాగ్ స్టీల్ చార్టు అడిగారు. విశాఖలో పుట్టిపెరిగినవారు కూడా పడే పొరపాటే ఇది. దాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ షేరు ఏ ఎక్స్ఛేంజీలోనూ నమోదు కాలేదు. మా టూల్ ఖాళీ జాబితా ఇచ్చి, పక్కనే "విజయవంతం" అని పెట్టింది. ఏజెంటు ఆ ఖాళీని చూసి "ఈ మధ్య పెద్దగా కదలిక లేదు" అని తేల్చింది. లేని షేరుకు కదలిక ఎక్కడిది!

పరిష్కారం: దోష సందేశాన్ని కూడా వివరణలో భాగంగానే రాయండి. "ఈ పేరుతో నమోదైన షేరు లేదు. ధర ఊహించవద్దు. ముందు సింబల్ వెతికే టూల్‌ను పిలువు." సింబల్ అంటే ఎక్స్ఛేంజీలో షేరుకు వాడే పొట్టి పేరు. దానికి ఉదాహరణలు కూడా రెండు ఇవ్వండి. హెచ్‌పీసీఎల్‌కు ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ)లో సింబల్ హింద్‌పెట్రో, డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌కు డ్రెడ్జ్‌కార్ప్. వాడుక పేరు వేరు, సింబల్ వేరు అని వాటితోనే అర్థమైపోతుంది.

సమస్య: సోమవారం క్యాండిల్ ఆదివారం మీద పడుతుంది

క్యాండిల్ అంటే చార్టులో ఒక రోజు, ఒక గంట లాంటి వ్యవధి ధరలను చూపే కడ్డీ. దాని సమయాన్ని గ్రీనిచ్ కాలమానంలో పంపితే తేదీ మారిపోతుంది: మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు సాయంత్రం 6:30. రోజువారీ క్యాండిల్‌కు సమయం తీసేసి తేదీ మాత్రమే పంపండి. నిమిషాల క్యాండిళ్లకు సమయం పక్కన అది భారత కాలమానమని తెలిసేలా +05:30 అని రాయండి. దీన్ని సరిదిద్దబోయి "శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు" అని మాత్రం రాయకండి. 2025 ఫిబ్రవరి 1 శనివారమే అయినా బడ్జెట్ కోసం మార్కెట్ తెరిచారు. మేము ఆ వాక్యం రాసినన్నాళ్లూ ఏజెంటు ఆ రోజు డేటాను తప్పని పక్కన పెట్టింది.

సమస్య: రోజూ చివర్లో వాల్యూమ్ పడిపోతోందంటుంది

మార్కెట్ 9:15 నుంచి 3:30 వరకు, అంటే 375 నిమిషాలు. గంట క్యాండిళ్లు ఆరు నిండుగా వస్తాయి. ఏడోది పావుగంటదే. ప్రతి క్యాండిల్‌తో పాటు అది ఎన్ని నిమిషాలదో పంపితే సరిపోతుంది. మార్కెట్ నడుస్తుండగా అడిగితే వచ్చే చివరి క్యాండిల్‌కు "ఇంకా ముగియలేదు" అనే గుర్తు కూడా పెట్టండి.

సమస్య: నెల రోజుల నిమిషాల డేటా అడిగి, అసలు ప్రశ్నే మరిచిపోతుంది

ఇరవై ట్రేడింగ్ రోజులంటే 7,500 క్యాండిళ్లు. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే ఏ మోడలైనా తడబడుతుంది. ఒక పిలుపుకు 500 అని పరిమితి పెట్టాం. అంతకు మించితే ఏ తేదీ దగ్గర ఆపామో, నిమిషానికి బదులు ఏ పెద్ద వ్యవధి క్యాండిళ్లు అడగాలో జవాబులోనే చెబుతున్నాం. చెప్పకుండా కోసేస్తే అక్కడితో షేరు చరిత్రే ముగిసిందనుకుంటుంది.

వివరణలో ఒక్క మాట మార్చినా ఈ ప్రశ్నలన్నీ మళ్లీ అడిగించి చూస్తాం. వాటిలో మొదటిది ఇప్పటికీ బాబాయి ప్రశ్నే.