స్లాబు సెంట్రింగ్ విప్పే ముందు

షీట్లు ఇంకో సైటుకు కావాలని మేస్త్రి తొందరపెడతాడు. ముందు స్లాబు పోసిన తేదీ చూడండి.

ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు ఐఎస్ 456:2000 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) లెక్క: స్పాను (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపు స్లాబు కింద జాకీలు (నిలువు ఊతాలు) 7 రోజులు ఉంచాలి, దాటితే 14. బీము 6 మీటర్ల లోపైతే 14, పైనైతే 21. పీపీసీకి (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) ఇంకొన్నాళ్లు ఆగాలి.

- స్లాబు మీద ఇటుకలు, ఇసుక ఉంటే దించేయాలి.
- పై అంతస్తు సెంట్రింగ్ దీని మీదే నిలబడితే కింద ఒక్క జాకీ కదపొద్దు.
- మామూలు స్లాబుకు నడిమి నుంచి గోడల వైపు విప్పాలి. సజ్జకు, బాల్కనీకి మాత్రం బయటి కొస నుంచి లోపలికి. గోడ దగ్గరివి ముందు తీస్తే సజ్జ కొసన ఉన్న జాకీ మీద ఆనుతుంది; పగులును ఆపే చువ్వలేమో పైన, పగులేమో అడుగున!
- సుత్తి దెబ్బలొద్దు, స్క్రూ కొద్దికొద్దిగా వదలండి.